మా మేడ మీది ఎండ, కింది పోర్షన్ మీటరు

మొన్న ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరప్పుడు మా బాపు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "ఇగో చూడు, ఇప్పుడు రెండు కిలోవాట్లు దాటి కొడుతాంది. మనింట్ల ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు తప్ప ఏం నడుస్తలేవు. మిగిలిందంత ఎటు పోతాంది?" అని అడిగాడు. లైన్లోకి పోతుంది బాపూ, మన ఖాతాలో రాసుకుంటారు అన్నాను. "ఖాతా సంగతి కాదు బిడ్డా, ఎవరింట్లకు పోతాంది అని అడుగుతున్న" అన్నాడు.

ముప్పై ఒక్క ఏళ్లు గోదావరిఖనిలో బొగ్గు బాయిలో పనిచేసిన మనిషి. తవ్విన బొగ్గు ఏ బెల్టు మీద పోయింది, ఏ బంకర్లో పడింది, ఎక్కడ మండింది అన్నీ కళ్ల ముందు కనిపించే పనిలో బతికాడు కాబట్టి ఆయనకి ఆ ప్రశ్న వచ్చింది, నాకు రాలేదు. కిటికీలోంచి కరెంటు స్తంభం చూపించాను. మా మీటరుకు వచ్చే సర్వీసు వైరు, కింది పోర్షన్ మీటరుకు వచ్చే సర్వీసు వైరు రెండూ ఆ ఒక్క స్తంభం నుంచే వస్తాయి. మేడ మీద పుట్టి మేం వాడుకోని కరెంటు ఎంతో దూరం పోదు, దగ్గర్లో ఎవరింట్లో స్విచ్ వేసి ఉంటే వాళ్లింట్లోనే ఖర్చయిపోతుంది. ఆ టైంలో కింద అద్దెకుండే అక్క మోటారు మిషన్ మీద బ్లౌజులు కుడుతోంది, పక్కన కూలర్ తిరుగుతోంది. అంటే మా మేడ మీది ఎండ ఆమె మిషన్లోకే పోతోంది. కానీ ఆమె మీటరు మాత్రం ప్రతి యూనిట్‌నీ బయటి నుంచి కొన్నట్టే లెక్కేస్తుంది, ఆ లెక్క ప్రకారమే బిల్లు వస్తుంది.

ఇది నన్ను కొన్ని నెలలుగా వదలడం లేదు. అసలు మన దేశంలో ఈ సోలార్ గురించి చట్టం ఏం చెబుతోంది, ఎవరికి ఏ హక్కు ఇచ్చింది, కింది పోర్షన్ అక్కని ఎక్కడ వదిలేసింది అని రాత్రిళ్లు కూర్చుని చదివాను. చదివినంతలో అర్థమైంది ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు మా ఇంటి సంగతి. మాది హైదరాబాద్‌లో కాప్రా వైపు, పైన మేము, కింద అద్దె పోర్షన్. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం మొదలుపెట్టింది, 75,021 కోట్లు కేటాయించి కోటి ఇళ్ల మీద సోలార్ పెట్టించాలని. రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కి 30 వేలు, మూడో కిలోవాట్‌కి 18 వేలు, మొత్తం 78 వేల సబ్సిడీ, మూడు దాటి ఎంత పెట్టుకున్నా అంతకు మించి రాదు. మేం ఆ ఏడాది చివర్లో 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పెట్టించాం. నీళ్ల ట్యాంకు, మెట్ల గది పోను మేడ మీద అంతకే చోటుంది. రెండు లక్షల పది వేలు అయింది, సబ్సిడీ తర్వాత అకౌంట్లో పడింది. హైదరాబాద్ ఎండకి కిలోవాట్‌కి రోజుకి నాలుగు యూనిట్లు సుమారుగా వస్తాయి, వానాకాలం తగ్గుతుంది, మార్చి నుంచి బాగా పెరుగుతుంది, అయితే మరీ మండే మేలో ప్యానెల్ వేడెక్కి మనం అనుకున్నంత రాదు. సోలార్ పెడితే ఎంత మిగులుతుంది అని చాలామంది అడుగుతారు, అది మీ కరెంటు బిల్లు ఏ రేటు స్లాబులో పడుతుందో దాని మీద ఉంటుంది. మన దగ్గర నెలకి 200 దాటితే మొదటి 200 యూనిట్లకి 5.10 రూపాయలు, ఆ పైన 300 వరకు 7.70, 400 వరకు 9 రూపాయలు. సోలార్ యూనిట్లు పైనుంచి కోసుకుంటూ వస్తాయి, అంటే ముందు 9 రూపాయల యూనిట్లు పోతాయి, తర్వాత 7.70వి. ఎక్కువ వాడే ఇంటికి ఎక్కువ లాభం, తక్కువ వాడే ఇంటికి తక్కువ లాభం. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తాను.

ప్యానెళ్లు బిగించేటప్పుడు ఒక పెద్ద టెన్షన్ పడ్డాం. మేం మాట్లాడుకున్న కంపెనీ వాళ్లు పొద్దున్నే ఆటో ట్రాలీలో ప్యానెళ్లు దింపేసి, సాయంత్రానికి బిగించేస్తాం అన్నారు. మా బావమరిది ఎలక్ట్రికల్ పని తెలిసినవాడు, ప్యానెల్ వెనక స్టిక్కరు చదివి, ఇవి డీసీఆర్ ప్యానెళ్లు కావు, వీటికి సబ్సిడీ రాదు అన్నాడు. డీసీఆర్ అంటే మన దేశంలో తయారైన సెల్స్‌తో (ఎండని కరెంటుగా మార్చే చిన్న పలకలు), మన దేశంలోనే జోడించిన ప్యానెల్. సూర్యఘర్ సబ్సిడీ కావాలంటే అవే ఉండాలి, ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరూ పోర్టల్లో ఎక్కించాలి. వాళ్లు తెచ్చినవి బయటి దేశపు సెల్స్ తెచ్చి ఇక్కడ అతికించినవి. కొటేషన్లో రాసింది ఒకటి, దింపింది ఇంకొకటి. గొడవపడితే మార్చి ఇచ్చారు కానీ మూడు వారాలు పట్టింది, అన్ని రోజులూ ఇనుప స్ట్రక్చర్ ఖాళీగా మేడ మీద నిలబడి ఉంది. మీరు పెట్టించుకునేటప్పుడు ప్యానెల్ మేడ ఎక్కకముందే వెనక స్టిక్కరు, సీరియల్ నంబరు ఫోటో తీసుకోండి, కొటేషన్లో డీసీఆర్ అన్న మాట రాయించుకోండి. బిగించాక దింపడం చాలా కష్టం.

అయితే ఆ మూడు వారాల్లో నాకు ఒక ప్రశ్న వచ్చింది. ఇక్కడి ప్యానెల్ ధర ఎక్కువ, బయటిది తక్కువ, మరి ప్రభుత్వం ఎందుకింత పట్టుబడుతోంది? దీని వెనక పెద్ద కథ ఉంది. 2010 జనవరిలో జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు 2022 నాటికి 20 వేల మెగావాట్లు లక్ష్యం అన్నారు, 2015లో దాన్ని లక్షకి పెంచారు. ఆ మిషన్లో కొన్ని ప్రాజెక్టులకి దేశీ సెల్స్, దేశీ ప్యానెళ్లే వాడాలని షరతు పెట్టారు. అమెరికా 2013లో ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర ఫిర్యాదు చేసింది. ప్రభుత్వం తన అవసరానికి కొనుక్కునే వస్తువుకి దేశీ షరతు పెట్టుకోవచ్చు కదా అని మన వాదన. మీరు కొంటున్నది కరెంటు, షరతు పెట్టింది ప్యానెల్ మీద, ఈ రెండూ ఒకటి కాదు అని తీర్పు వచ్చింది. 2016 సెప్టెంబరులో అప్పీల్లో కూడా మనం ఓడిపోయాం. తర్వాత మనం అమెరికా మీద కేసు పెట్టాం, వాళ్ల రాష్ట్రాలు కూడా సొంత సరుకుకి అలాగే ప్రోత్సాహకాలు ఇస్తున్నాయని, 2019 జూన్‌లో ప్యానెల్ మన వైపు చెప్పింది. (ఇక్కడ ప్యానెల్ అంటే న్యాయ నిర్ణయం చేసే కమిటీ.)

ఆ ఓటమి తర్వాత ప్రభుత్వం వేరే దారులు పట్టింది. 2019లో ప్రభుత్వం ఆమోదించిన ప్యానెల్ మోడళ్ల జాబితా తెచ్చారు, 2022 ఏప్రిల్ నుంచి బయటి ప్యానెళ్ల మీద 40 శాతం, సెల్స్ మీద 25 శాతం కస్టమ్స్ సుంకం వేశారు, ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టేవాళ్లకి ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకం అన్నారు. దాని ఫలితం మనకి దూరంగా లేదు. రావిర్యాల దగ్గర ఫ్యాబ్ సిటీలో ప్రీమియర్ ఎనర్జీస్ వాళ్లు సెల్స్ కూడా తయారు చేస్తున్నారు, అది మన హైదరాబాద్ కంపెనీయే. సెల్ తయారీ అంటే గ్లాసు మీద అతికించడం లాంటి పని కాదు, అసలు విషయం అంతా అందులోనే ఉంటుంది. సెల్‌కి ముడిసరుకులైన వేఫర్, పాలీసిలికాన్ ఎక్కువగా ఇప్పటికీ చైనా నుంచే వస్తున్నాయి, అందుకని పూర్తిగా మన సొంతం అనలేం. అయినా నేను ఆ ఎక్కువ డబ్బు ఇష్టంగానే పెట్టాను. కారణం చెబుతాను.

2012, 2013 వేసవులు గుర్తున్నవాళ్లకి వివరించక్కర్లేదు. నగరంలో రోజూ కోతలు, పల్లెల్లో ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు, ఫ్యాక్టరీలకి వారంలో కొన్ని రోజులు పవర్ హాలిడే. బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపులో పనిచేసే మా చిన్నాన్నకి ఆ రోజుల్లో వారానికి నాలుగు రోజుల కూలీయే వచ్చేది. ఆ కోతలకి కారణాలు చాలా ఉన్నాయి, అందులో ఒకటి గ్యాసు. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాసు దొరికింది, ఇక మనకి తిరుగులేదు అని గోదావరి ఒడ్డున, కొండపల్లి దగ్గర గ్యాసు ప్లాంట్లు కట్టారు. 2010 తర్వాత ఆ బేసిన్‌లోని కేజీ డీ6 బ్లాకు నుంచి వచ్చే గ్యాసు ఏటేటా పడిపోయింది, వేల కోట్లు పోసిన ప్లాంట్లు ఊరికే నిలబడిపోయాయి. అంటే మన నేల కిందిదైనా సరే, తవ్వి తీసే ఇంధనాన్ని నమ్ముకుంటే ఒకరోజు అయిపోవచ్చు. పోనీ బయటి నుంచి కొందామంటే 2022 వేసవిలో ఏమైందో చూశాం, ఉక్రెయిన్ యుద్ధం వల్ల బొగ్గు ధర పెరిగి, దిగుమతి బొగ్గుతో నడిచే ప్లాంట్లు ఆపేస్తే కేంద్రం విద్యుత్ చట్టంలోని 11వ సెక్షన్ వాడి నడపమని ఆదేశించాల్సి వచ్చింది. మన దగ్గరే దొరికేది, ఎప్పటికీ అయిపోనిది, ఈ రెండూ కలిసింది ఒక్క ఎండ, గాలి, నీళ్లే.

ఇక చట్టం దగ్గరికి వస్తున్నాను. మన దేశంలో పునరుత్పాదక ఇంధనానికి ప్రత్యేకంగా ఒక చట్టం ఉందనే నేను అనుకున్నాను. లేదు! జర్మనీకి 2000 సంవత్సరం నుంచే ఉంది, మేడ మీద కరెంటు పుట్టించినవాడికి 20 ఏళ్లు ఫలానా ధర ఇస్తాం అని ఆ చట్టంలోనే రాశారు. మన దగ్గర 2015లో జాతీయ పునరుత్పాదక ఇంధన చట్టం అని ఒక ముసాయిదా జనం ముందు పెట్టారు, అది పార్లమెంటు దాకా వెళ్లి చట్టం కాలేదు. మరి ఇన్ని వేల మెగావాట్లు ఎలా వచ్చాయి అంటే, 2003 విద్యుత్ చట్టంలో 86వ సెక్షన్, ఒకటో సబ్ సెక్షన్, ఇ అనే ఒక్క క్లాజు. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ పునరుత్పాదక కరెంటుని ప్రోత్సహించాలి, దానికి గ్రిడ్‌తో కలిపే ఏర్పాటు చూడాలి, డిస్కం, అంటే మనకి కరెంటు పంపిణీ చేసే సంస్థ, అమ్మే మొత్తం కరెంటులో ఇంత శాతం దాని నుంచే కొనాలని నిర్ణయించాలి. ఇంతే. ఒక్క వాక్యం. ఎడారిలో పెద్ద పెద్ద సోలార్ పార్కులైనా, కొండల మీద గాలిమరలైనా కొనేవాడు ఉన్నాడన్న ధైర్యంతో కట్టారంటే, ఆ ధైర్యం ఈ వాక్యంలోని 'ఇంత శాతం' అన్న మాట ఇచ్చిందే.

ఆ శాతం మాకు వర్తించదు అని సొంత ప్లాంట్లున్న కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2015 మేలో హిందుస్థాన్ జింక్ కేసులో సుప్రీంకోర్టు, మీకూ వర్తిస్తుంది అని చెప్పింది, చెబుతూ రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రకారం మంచి వాతావరణంలో బతికే హక్కు ప్రస్తావన తెచ్చింది. తర్వాత 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి శాతాలని మరింత గట్టిగా చేశారు. 2023 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం 2024-25లో 29.91 శాతం, 2029-30 నాటికి 43.33 శాతం పునరుత్పాదక కరెంటు ఉండాలి, తగ్గితే జరిమానా. అందులోనే ఇంకో చిన్న గడి ఉంది, మా మేడ లాంటి చిన్న చిన్న చోట్ల పుట్టే కరెంటుకి విడిగా 1.5 శాతం నుంచి 4.5 శాతానికి పెంచుకుంటూ పోవాలి అని. నాకు ఆ గడి చూస్తే సంతోషమేసింది, పెద్ద పార్కులతో లెక్క సరిపెట్టేసి ఇళ్లని మర్చిపోకుండా ఎవరో ఆలోచించి రాశారు.

ఎందుకంటే దూరంగా పుట్టించి తెచ్చుకోవడానికి కూడా ఖర్చుంది, అది డబ్బు ఒక్కటే కాదు. రాజస్థాన్, గుజరాత్ సోలార్ లైన్లకి తగిలి బట్టమేక పిట్టలు చచ్చిపోతున్నాయని కేసు పడింది, 2021లో లైన్లు భూమిలో వేయమన్న కోర్టు 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి కమిటీ వేసింది. పిట్టా కావాలి, కరెంటూ కావాలి, తేల్చడం ఎవరికీ సులువు కాదు. మా మేడ మీద పుట్టి మా కింది పోర్షన్లో ఖర్చయ్యే కరెంటుకి కొత్త టవరు అక్కర్లేదు, ఒక్క చెట్టు కొట్టక్కర్లేదు.

నగరంలో వాడే కరెంటు నగరంలోనే పుట్టించడం మనకి కొత్త కూడా కాదు. ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్న వైపు, హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో నిజాం కాలంలో బొగ్గుతో నడిచే పవర్ హౌసు కట్టారు. బాపు చిన్నప్పుడు ఒకసారి పట్నం వచ్చి దాని పొగ గొట్టాలు చూశాడట, మన బొగ్గే మండుతాంది అని వాళ్ల నాయిన చూపించాడట. 1983లో మూసేశారు, 1995లో పడగొట్టారు. ఆ పొగ మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ ఇప్పుడు పొగ లేకుండా చేసే వీలుంది కదా.

ఇక నన్ను పట్టుకున్న అసలు మాట. మేడ మీద సోలార్ పెట్టుకునే హక్కు మనకి 2020 విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో వచ్చింది. మంచి నిబంధనలు, నిజంగానే. 2024 ఫిబ్రవరిలో సవరించాక పది కిలోవాట్ల వరకు సాధ్యాసాధ్యాల పరిశీలన అంటూ తిప్పించుకోవడం లేదు, అయిదు కిలోవాట్ల వరకు లైను బలపరచాల్సి వస్తే ఆ ఖర్చు డిస్కందే. మా నెట్ మీటరు (లైన్లోంచి తీసుకున్నదీ, లైన్లోకి ఇచ్చిందీ రెండూ లెక్కేసే మీటరు) పని పెద్దగా ఆలస్యం లేకుండా అయింది. కానీ ఆ నిబంధనల్లో, కరెంటు వాడుకుంటూ పుట్టించే మనిషి ఎవరు అని నిర్వచనం ఇచ్చేచోట ఒక మాట ఉంది, 'అదే సరఫరా బిందువు' ద్వారా గ్రిడ్‌కి ఇచ్చేవాడు అని. సరఫరా బిందువు అంటే మనకి అర్థమయ్యే భాషలో ఆ సర్వీసు వైరు, ఆ మీటరు. అంటే హక్కు మనిషికి ఇవ్వలేదు, మీటరుకి ఇచ్చారు, అదీ సొంత కప్పు కింద ఉన్న మీటరుకి.

హైదరాబాద్‌లో ఎంతమందికి సొంత కప్పు ఉంది? మీ వీధిలో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. టూలెట్ బోర్డు లేని గల్లీ లేదు. అపార్ట్‌మెంట్లలో అయితే సొంత ఫ్లాటు ఉన్నవాళ్లకి కూడా మేడ ఉమ్మడిది, అసోసియేషన్ పేరు మీద పెడితే కిలోవాట్‌కి 18 వేల సబ్సిడీ ఉంది కానీ అది లిఫ్టుకి, మోటారుకి, కామన్ లైట్లకి, బండ్ల చార్జింగుకి. ఎవరి ఫ్లాటు బిల్లు వాళ్లదే. అద్దెకున్నవాళ్లయితే ఈ లెక్కలోనే లేరు.

కింది పోర్షన్ అక్క సంగతి చెబుతాను, ఆమెని అడిగే రాస్తున్నాను. తెల్ల రేషన్ కార్డుంది, రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు అయితే సున్నా బిల్లు. చలికాలమంతా సున్నాయే వచ్చింది. ఏప్రిల్‌లో కూలర్, మిషన్ కలిసి 214 అయింది. 200 దాటితే మొత్తానికీ కట్టాలి, పదకొండు వందల పైన వచ్చింది. ఒక బ్లౌజు కుడితే ఆమెకి మిగిలేదెంతో నాకు తెలుసు. ఆ పద్నాలుగు యూనిట్లు! అదే నెలలో మా మేడ మీద నుంచి లైన్లోకి పోయినవి నూట అరవై యూనిట్లు. మా ఖాతాలో జమయ్యాయి, మిగిలిపోతే గడువుకి కమిషన్ చెప్పిన ధర ఇస్తారు, అది మనం కొనే పై స్లాబు ధర కన్నా చాలా తక్కువ. నేను ఆమెకి ఇస్తాను అంటే ఇవ్వడానికి లేదు. పోనీ మా ఇంట్లోంచి కిందికి ఒక వైరు లాగి యూనిట్‌కి ఇంత అని తీసుకుందామా అంటే, లైసెన్సు లేకుండా కరెంటు పంపిణీ చేయడం, అమ్మడం 2003 చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం కుదరదు. ఆ సెక్షన్ ఉండాల్సిందే, లేకపోతే ప్రతి గల్లీలో ఎవడికి వాడు వైర్లు లాగి ప్రాణాల మీదికి తెస్తాడు. నేను అడుగుతున్నది వైరు కాదు, బిల్లులో ఒక వరుస.

దానికి పేరు కూడా ఉంది, వర్చువల్ నెట్ మీటరింగ్. ఒకచోట పుట్టిన యూనిట్లని ముందే చెప్పిన వాటా ప్రకారం నాలుగైదు మీటర్ల బిల్లుల్లో తగ్గించడం. ఢిల్లీ కమిషన్ 2019లోనే దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. కేంద్రం వద్దనలేదు, నేను పైన చెప్పిన 2023 నోటిఫికేషన్‌లోని ఆ చిన్న గడిలో ఈ మాట పేరుపెట్టి మరీ ఉంది, అలా పుట్టించిన కరెంటుని కూడా లెక్కలోకి తీసుకుంటాం అని. కానీ ఇవ్వాలా వద్దా, ఎవరికి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నది ఏ రాష్ట్ర కమిషన్ ఇష్టం ఆ రాష్ట్రానిది. ఢిల్లీలో అద్దెకుండే మనిషికి దొరికే హక్కు కాప్రాలో అద్దెకుండే మనిషికి దొరకాలంటే అది కమిషన్ల ఇష్టానికి వదిలేసే విషయం కాకూడదు. దేశం మొత్తానికి వర్తించే నిబంధనల్లోనే 'అదే సరఫరా బిందువు' పక్కన 'లేదా అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇంకొక సరఫరా బిందువు' అని చేర్చాలి. నాకు కావలసింది అంతే.

డిస్కంల బాధ కూడా నాకు అర్థమవుతుంది. మా లాంటి 9 రూపాయల యూనిట్ కొనేవాళ్లు సోలార్‌కి వెళ్లిపోతే, ఆ డబ్బుతో తక్కువ స్లాబు వాళ్లకి చవకగా ఇచ్చేది ఎక్కడి నుంచి తేవాలి? స్తంభాలు, వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు మనం రాత్రి వాడుతూనే ఉన్నాం కదా. నిజమే. అందుకే వాడుకున్న వైరుకి యూనిట్‌కి కొంత చార్జీ పెట్టండి, నేను కడతాను. కానీ ఇంకోవైపు కూడా చూడాలి. ఇప్పటి పద్ధతిలో సోలార్ లాభం మొత్తం, మొదట్లో చెప్పానే, ఎక్కువ వాడే సొంతింటివాళ్లకే పోతోంది, అందులో నేనూ ఉన్నాను. సబ్సిడీ డబ్బు మాత్రం అందరి పన్నుల్లోంచి వచ్చింది, బ్లౌజుకి కొన్న దారం మీద ఆమె కట్టిన జీఎస్టీతో సహా.

ఇంకో విషయం, ఇది అందరూ అడుగుతారు కాబట్టి. కరెంటు పోతే మా ఇంట్లో కూడా పోతుంది. మిట్టమధ్యాహ్నం ప్యానెళ్లు తళతళలాడుతున్నా, వాటి కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతుంది. మొదటిసారి పోయినప్పుడు బాపు, రెండు లక్షలు పెట్టి ఇదేంది అన్నాడు. లైను ఆపి స్తంభం ఎక్కిన మనిషికి మన మేడ మీది నుంచి వచ్చే కరెంటు షాక్ కొట్టకూడదు, అందుకని గ్రిడ్ పోగానే దానంతటది ఆగేలా చేస్తారు అని చెప్పాను. బాయిలో గ్యాసు పరీక్ష కాకుండా లోపలికి దిగనివ్వని రోజులు చూసిన మనిషి, ఇంకేం అనలేదు. "అట్లనే ఉండాలె" అన్నాడు. ఇప్పుడు కరెంటు పోయిన ప్రతిసారీ ముందు ఇన్వర్టర్ దగ్గరికి వెళ్లి ఆగిందో లేదో చూసి వస్తాడు.

ఆయన కూడా మారాడు అనిపిస్తుంది. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 2022లో వంద మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు వచ్చినప్పుడు, నీళ్ల మీద పలకలు పరిస్తే బాయి మూతపడుతుందా అని కొంచెం బాధగా అన్నాడు. ఆ భయం వట్టిది కాదు, సింగరేణి ఊళ్లలో ఆ ప్రశ్నకి ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి, ఈ చట్టాల్లో ఎక్కడా దాని గురించి ఒక్క వాక్యం నాకు కనిపించలేదు. అది వేరే పోస్టు రాయాల్సినంత విషయం. దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర ఇంధనాలదే అని 2025లో ప్రకటించారు కానీ, నిజంగా పుట్టే కరెంటులో ఇప్పటికీ పెద్ద వాటా బొగ్గుదే, రాత్రి తొమ్మిదికి మా ఫ్యాన్ తిప్పేది బాపు తోటివాళ్ల పిల్లల చెమటే.

నేను చేసింది ఒకటుంది. టారిఫ్ మీద, నిబంధనల మీద కమిషన్ జనం అభిప్రాయాలు అడుగుతుంది, బహిరంగ విచారణ పెడుతుంది, ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చు, లాయరు అక్కర్లేదు. నేను రెండు పేజీల ఉత్తరం తెలుగులో రాశాను. అందులో మా రెండు మీటర్ల ఏప్రిల్ బిల్లులు, యాప్‌లో ఆ నెల లైన్లోకి పోయిన యూనిట్ల లెక్క పక్కపక్కన పెట్టాను. కింది పోర్షన్ అక్క సంతకం పెట్టింది. పెట్టేముందు, ఇది రాస్తే ఉన్న సున్నా బిల్లు తీసేస్తారా అని భయంగా అడిగింది, దానికీ దీనికీ సంబంధం లేదని రెండుసార్లు చదివి వినిపించాను. ఇలాంటిదే ఇంకో ఉత్తరం ఢిల్లీలో కేంద్ర విద్యుత్ శాఖకి పంపుతున్నాను, మార్చాల్సిన ఆ ఒక్క మాట ఎక్కడుందో చూపిస్తూ.

కమిషన్ ఆఫీసు ఎక్కడ అని బాపు అడిగాడు. ఒకప్పుడు రెడ్ హిల్స్‌లో సింగరేణి భవన్ ఐదో అంతస్తులో ఉండేదట అని చెబితే, ఆ భవన్‌కి పింఛను కాగితాల కోసం రెండుసార్లు వెళ్లానని గుర్తు చేసుకున్నాడు. విచారణ తేదీ ఎప్పుడు పడినా తనూ వస్తానంటున్నాడు. వచ్చి ఏం మాట్లాడతావు అన్నాను.

"మిగిలిందంత ఎవరింట్లకు పోతాంది అని అడుగుత" అన్నాడు.